ఫ్లోరోసిస్‌తో బిగుసుకుపోయిన వెన్నుకు స్పైనల్, ఎపిడ్యూరల్ కలిపి ఇవ్వవచ్చునా?

ప్రశ్న: చండూరు నివాసి

అందరికీ నమస్కారం. మా అమ్మ వయస్సు 66 సంవత్సరాలు. పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ మర్రిగూడ మండలంలోనే కావడం వల్ల మిషన్ భగీరథ నీళ్ళు వచ్చేదాకా బోరు నీళ్ళే తాగింది. ఆ నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు గట్టిపడే ఫ్లోరోసిస్ జబ్బు వచ్చి, కొన్నేళ్ళుగా నడుము బిగుసుకుపోయి వీపు ముందుకు వంగింది. పక్కన కూర్చున్న మనిషిని చూడాలన్నా మెడ తిరగదు, భుజాలతో సహా తిరగవలసి వస్తుంది. ఇప్పుడు ఎడమ తుంటి కీలు పూర్తిగా అరిగిపోయిందని, కీలు మార్పిడి చేయక తప్పదని నల్లగొండలో ఎముకల డాక్టరు గారు చెప్పారు. ఆమెకు బీపీ ఉంది, షుగర్ లేదు. మూడేళ్ళ కిందట గుండెకు ఒక స్టెంటు వేశారు. అప్పటి నుండి రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతున్నది.

ఫిట్‌నెస్ కోసం మత్తు డాక్టరు గారిని కలిసినప్పుడు, ఆయన నడుములో సూదితో ఇచ్చే స్పైనల్, ఎపిడ్యూరల్ మత్తులు రెండూ కలిపి ఇవ్వాలని అనుకుంటున్నామని, నడుములో సన్నని గొట్టం ఒకటి ఉంచుతామని, అయితే ఈ వెన్నులో సూది దిగుతుందో లేదో ఎక్స్‌రే చూసినా ముందుగా కచ్చితంగా చెప్పలేనని అన్నారు. బయట చాలామంది వేచి ఉన్నందువల్ల వివరంగా అడిగే వీలు చిక్కలేదు. మామూలు స్పైనల్‌కూ ఈ కలిపి ఇచ్చే పద్ధతికీ తేడా ఏమిటి? ఇంత గట్టిపడిన వెన్నులో లావు సూదితో ప్రయత్నించడం కంటే పూర్తి మత్తు ఇచ్చి ఆపరేషన్ చేస్తే మేలు కాదా? నడుముకు సూది వేస్తే జీవితాంతం నడుమునొప్పి ఉంటుందని మా ఊళ్ళో అందరూ అంటున్నారు, అందులో నిజమెంత? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: మత్తు వైద్యుడు, నల్లగొండ

మీ డాక్టరు గారు కచ్చితంగా చెప్పలేనన్నారని భయపడకండి. ఫ్లోరోసిస్ వెన్నులో నాలుగుసార్లు సూది దించి చూసినవారెవరైనా ముందుగా ఆ మాటే అంటారు, తప్పకుండా దిగుతుందని హామీ ఇచ్చేవారి విషయంలోనే నాకు అనుమానం కలుగుతుంది.

ముందు తేడా చెబుతాను. పెద్దవాళ్ళలో వెన్నుపాము సాధారణంగా మొదటి, రెండవ నడుము పూసల దగ్గర ముగుస్తుంది. అందువల్ల మేము సూదిని దానికంటే కిందనే, మూడు నాలుగు పూసల మధ్యనో నాలుగు అయిదు పూసల మధ్యనో దించుతాము. రెండు పక్కలా నడుము కింద చేతికి తగిలే తుంటి ఎముక పై అంచులను కలుపుతూ ఒక గీత ఊహించుకుంటే అది ఇంచుమించు నాలుగవ పూస మీదుగా పోతుంది, ఆ గీతే మాకు ఆనవాలు. చర్మం దాటాక పూసల ముళ్ళను ఒకదానితో ఒకటి కలిపే స్నాయువులు, వాటి తర్వాత లిగమెంటమ్ ఫ్లేవమ్ అనే పసుపుపచ్చని గట్టి స్నాయువు వస్తాయి. అది దాటితే కొవ్వు, సిరలు ఉండే ఇరుకైన జాగా ఉంటుంది, దానినే ఎపిడ్యూరల్ జాగా అంటాము. ఆ లోపల డ్యూరా అనే పొర, పొర లోపల వెన్నునీరు, ఆ నీటిలో తేలుతూ నరాలు ఉంటాయి.

స్పైనల్‌లో మందు నేరుగా ఆ నీటిలోకి పోతుంది. హెవీ బుపివకైన్ అనే తిమ్మిరి మందు 2.5 నుండి 3 మి.లీ. చాలు, కొద్ది నిమిషాలలోనే కాళ్ళు మొద్దుబారి రెండు మూడు గంటల పాటు పని చేస్తుంది, కానీ ఒకసారి ఇచ్చాక ఎక్కువైతే తీసివేయలేము, తక్కువైతే కలపలేము. ఎపిడ్యూరల్‌లో మందు పొర బయటే ఉంటుంది కాబట్టి మోతాదు చాలా ఎక్కువ కావాలి, మొద్దుబారడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది, పట్టు కూడా స్పైనల్ అంత గట్టిగా ఉండదు. అయితే గొట్టం ఉంచుతాము కాబట్టి ఆపరేషన్ ఎంతసేపు సాగినా, తర్వాత ఒకటి రెండు రోజుల పాటు నొప్పికి కూడా, కొంచెం కొంచెంగా మందు ఇస్తూ పోవచ్చు. రెండింటి లాభాన్ని ఒకేసారి పొందడానికి వచ్చినదే మీకు చెప్పిన పద్ధతి.

దీనిని చేసే విధానం ఇలా ఉంటుంది. చర్మానికి తిమ్మిరి మందు ఇచ్చాక, కొస కొద్దిగా వంపు తిరిగి ఉండే ట్యూయీ సూదిని, సాధారణంగా 18 గేజిది, స్నాయువులలోకి దించి, దాని వెనుక సెలైన్ నింపిన సిరంజిని బిగిస్తాము. ఎడమ చేతితో సూదిని మిల్లీమీటరు చొప్పున ముందుకు నడుపుతూ కుడి బొటనవేలితో పిస్టన్‌ను నొక్కుతూ ఉంటాము. సూది కొస స్నాయువులో ఉన్నంతసేపు పిస్టన్ కదలదు, పసుపు స్నాయువు దాటగానే ఆ బిగువు హఠాత్తుగా పోయి సెలైన్ లోపలికి జారిపోతుంది. ఎపిడ్యూరల్ జాగా చేరామనడానికి అదే గుర్తు. అప్పుడు ట్యూయీ సూది లోపలి నుండే అంతకంటే బాగా సన్నని 27 గేజి స్పైనల్ సూదిని పంపితే, అది బయటి సూది కొసను దాటి సుమారు 12 మిల్లీమీటర్లు ముందుకు వెళ్ళి డ్యూరాను చిల్లు చేస్తుంది. ఆ చిల్లు పడినప్పుడు వేళ్ళకు చిన్న 'టక్' తెలుస్తుంది, సూది వెనుక స్వచ్ఛమైన వెన్నునీటి చుక్క కనబడుతుంది. మందు ఇచ్చి ఆ సన్న సూదిని తీసివేసి, ట్యూయీ గుండా గొట్టాన్ని లోపలికి పంపి, ఎపిడ్యూరల్ జాగాలో మూడు నుండి అయిదు సెంటీమీటర్లు మిగిలేలా ఉంచి వీపుకు అంటిస్తాము.

గుండెకు స్టెంటు ఉన్న మీ అమ్మగారి విషయంలో ఈ పద్ధతికి ఉన్న అసలు విలువ వేరే ఉంది. స్పైనల్ మందు నొప్పి నరాలనే కాక రక్తనాళాలను బిగించి ఉంచే నరాలను కూడా మొద్దుబారుస్తుంది, దానివల్ల బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. కలిపి ఇచ్చేటప్పుడు స్పైనల్ మోతాదును సగానికి, అంటే 1 నుండి 1.5 మి.లీ. వరకు తగ్గించి, మత్తు పట్టు చాలకపోతే గొట్టం ద్వారా 2 లేక 3 మి.లీ. చొప్పున పెంచుకుంటూ పోవచ్చు. ఒక్కొక్కసారి గొట్టం ద్వారా వట్టి సెలైన్ 5 నుండి 10 మి.లీ. ఎక్కించినా, బయటి ఒత్తిడికి డ్యూరా సంచి నొక్కుకుని లోపలి మందు పై పూసల దాకా పాకుతుంది. ఇలా నిదానంగా ఎక్కించినందువల్ల బీపీ కూడా నిదానంగానే దిగుతుంది, బీపీ పెంచే మెఫెంటర్మిన్ లేదా ఫినైలెఫ్రిన్‌తో సరిచేసుకునే వ్యవధి మాకు దొరుకుతుంది.

ఇక ఫ్లోరోసిస్ దగ్గరకు వద్దాం. మన జిల్లా గ్రానైటు రాళ్ళలోని ఫ్లోరైడ్ లోతు బోర్ల నీళ్ళలోకి దిగుతుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మి.గ్రా. మించకూడదన్న హద్దును మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఎన్నో బోర్లు ఎన్నోరెట్లు దాటాయి. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగినవారికి ఎముక చిక్కబడటమే కాక, మెత్తగా ఉండవలసిన స్నాయువులలో కూడా సున్నం పేరుకుంటుంది. మీ అమ్మగారి ముంజేతి ఎక్స్‌రే తీయిస్తే రెండు ఎముకల మధ్యనున్న పొర తెల్లగా, అంచులు ముళ్ళు ముళ్ళుగా కనబడవచ్చు. జబ్బును నిర్ధారించడానికి మేము చూసే మొదటి గుర్తు అదే. వెన్నులోనూ అదే జరుగుతుంది. పూసల ముళ్ళ మధ్య స్నాయువు ఎముకగా మారినప్పుడు మధ్యగీత వెంట సూది దిగదు, పసుపు స్నాయువు గట్టిపడినప్పుడు పైన చెప్పిన బిగువు పోవడమనే గుర్తు నమ్మదగినదిగా ఉండదు. సూది ఎముకకే తగిలి ఆగిపోవచ్చు, లేదా ఒక్కసారిగా జారి డ్యూరాను కూడా దాటి పోవచ్చు.

పూర్తి మత్తు మేలు కాదా అని అడిగారు. మెడ తిరగని మనిషికి శ్వాసనాళంలో గొట్టం వేయడం అంత సులభం కాదు, గొంతు లోపలి భాగాన్ని చూపే వీడియో లారింగోస్కోపు లేక ఫైబర్ ఆప్టిక్ స్కోపు దగ్గర ఉండాలి. పక్కటెముకలు వెన్నుతో కలిసే కీళ్ళు కూడా బిగుసుకుపోవడం వల్ల ఛాతీ సరిగా విప్పారదు, ఆపరేషన్ అయ్యాక కఫం దగ్గి తీయడం కష్టమవుతుంది. కాబట్టి పూర్తి మత్తు ఈమెకు సులువైన దారి కాదు, అది కూడా జాగ్రత్తగా సిద్ధం చేసుకుని ఉంచుకోవలసిన రెండవ దారి మాత్రమే.

ఒక ముఖ్యమైన విషయం. ఆమెకు నడకలో కాళ్ళు కర్రల్లా బిగుసుకుంటున్నాయా, మూత్రం ఆపుకోలేకపోవడం గానీ సరిగా రాకపోవడం గానీ ఉందా అనేది గమనించి డాక్టరుకు చెప్పండి. ఫ్లోరోసిస్‌లో వెన్ను కాలువ ఇరుకై వెన్నుపామునే నొక్కవచ్చు. అలాంటి లక్షణాలుంటే ముందు ఎం.ఆర్.ఐ. తీయించి వెన్ను సర్జన్‌కు చూపాలి, నడుము సూది మాట ఆ తర్వాతే.

జవాబు: మత్తు వైద్యుడు, మహబూబ్‌నగర్

పై మిత్రులు చెప్పినదంతా సరిగానే ఉంది గానీ ఈ రోగికి గొట్టం నిజంగా అవసరమా అన్న ప్రశ్న ఆయన వేసుకోలేదు. నా అభిప్రాయం కొంత భిన్నంగా ఉంది కాబట్టి వివరిస్తాను.

స్పైనల్ మత్తును 1898లో జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బీయర్ మొదలుపెట్టినప్పటి నుండి దాని లోపం ఒకటే, మందు ప్రభావం తీరిపోతే మళ్ళీ ఇవ్వలేకపోవడం. దానికి ఎపిడ్యూరల్‌ను జోడించాలన్న ఆలోచన 1937లోనే సొరేసీ చేశారు. తర్వాత 1979లో కురేలారు, 1981లో సిజేరియన్ల కోసం బ్రౌన్‌రిడ్జ్, రెండు వేర్వేరు పూసల మధ్య రెండు సూదులు వేసి ఆ పని చేశారు. ఒకే చోట సూదిలో సూది పంపే పద్ధతి 1982లో కోట్స్, ముంతాజ్ వేర్వేరుగా రాసిన నివేదికలతో వెలుగులోకి వచ్చింది. ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, రెండు చోట్ల వేసే పాత పద్ధతిలో గొట్టాన్ని ముందుగా వేసి, 3 మి.లీ. పరీక్ష మోతాదు ఇచ్చి, అది సరైన చోటే ఉందని తేల్చుకున్నాకే స్పైనల్ ఇవ్వవచ్చు. ఒకే చోట వేసే పద్ధతిలో స్పైనల్ ముందుగా ఇస్తాము కాబట్టి, అప్పటికే కాళ్ళు మొద్దుబారి ఉంటాయి. ఆ తర్వాత పంపిన గొట్టం పొరపాటున వెన్నునీటిలోకి పోయిందా లేదా అనేది పరీక్ష మోతాదుతో తెలుసుకోవడం కష్టం. బోరు నీళ్ళతో గట్టిపడిన వెన్నులో ఒక్క దారి దొరకడమే గగనం అయినప్పుడు రెండు చోట్ల ప్రయత్నించమని చెప్పలేము. అంటే ఫ్లోరోసిస్ రోగికి కలిపి ఇచ్చే పద్ధతిలో ఏది నమ్మదగిన మార్గమో అదే అందుబాటులో ఉండదు.

క్లోపిడోగ్రెల్ సంగతి ఇంకొకటి. ఆస్పిరిన్ ఒక్కటే అయితే నడుము సూదికి అడ్డు కాదు, కానీ క్లోపిడోగ్రెల్ 5 నుండి 7 రోజుల ముందు ఆపాలి. మూడేళ్ళ నాటి స్టెంటు కాబట్టి గుండె డాక్టరు ఒప్పుకోవచ్చు, ఆ నిర్ణయం మాత్రం ఆయనదే, మీరుగా మాత్ర మానకండి. ఎపిడ్యూరల్ జాగాలో సిరలు ఉంటాయని పైన చదివారు కదా, లావు సూది గానీ గొట్టం గానీ వాటికి తగిలితే, రక్తం గడ్డకట్టే శక్తి తగ్గి ఉన్న మనిషిలో అక్కడ రక్తం చేరి నరాలను నొక్కవచ్చు. అది చాలా అరుదు, కానీ జరిగితే కాళ్ళు పోతాయి. గొట్టం ఉన్నంతకాలం క్లోపిడోగ్రెల్ తిరిగి మొదలుపెట్టడానికి నేను ఒప్పుకోను. స్టెంటు ఉన్న మనిషికి నొప్పి మందు సౌకర్యం కోసం ఆ మాత్రను ఇంకో రెండు మూడు రోజులు ఆలస్యం చేయడం మంచిదేనా?

నేనైతే సన్న సూదితో ఒక్క స్పైనల్‌కే ప్రయత్నిస్తాను. మధ్యగీత వదిలి, ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్లు పక్కనుండి ఏటవాలుగా పంపితే గట్టిపడిన నడిమి స్నాయువులు తగలవు. అదీ కుదరకపోతే అయిదవ నడుము పూసకూ దాని కిందనుండే త్రికాస్థి అనే ఎముకకూ మధ్యనున్న సందు ఉంది. వెన్నులో పూసల మధ్య అన్నింటికంటే వెడల్పయిన సందు అదే కాబట్టి పెద్ద వయస్సు వారిలో చాలాసార్లు అక్కడే దారి దొరుకుతుంది. పక్కన అల్ట్రాసౌండ్ పెట్టి చూసుకుంటే ఏ సందులో శబ్ద తరంగం లోపలిదాకా పోతున్నదో, ఏది ఎముకతో మూసుకుపోయిందో సూది ముట్టుకోకముందే తెలుస్తుంది. ఆపరేషన్ తర్వాతి నొప్పికి గజ్జల దగ్గర తుంటి కీలు ముందు భాగానికి వెళ్ళే నరాల వద్ద మందు ఇచ్చే పెంగ్ బ్లాక్ ఉంది. 2018లో వెలువడిన ఈ పద్ధతిలో తొడ బలం పెద్దగా తగ్గదు కాబట్టి మర్నాడే నిలబెట్టి నడిపించవచ్చు, ఎపిడ్యూరల్ మందు నడుస్తుంటే కాలు బలహీనంగా ఉండి ఫిజియోథెరపీ వెనుకబడుతుంది.

జవాబు: థియేటర్ సిస్టర్, పాలమూరు

డాక్టర్లు చెప్పని విషయం ఒకటి నేను చెబుతాను. సూది ఎంత సన్నదైనా, ఎంత లావుదైనా, రోగిని కూర్చోబెట్టే తీరుమీద సగం పని ఆధారపడి ఉంటుంది. మామూలు రోగులకు రొయ్యలా ముడుచుకొమ్మని, గడ్డం గుండెకు ఆనించమని చెబుతాము, అప్పుడు పూసల వెనుక సందులు విచ్చుకుంటాయి. ఫ్లోరైడ్ జబ్బు ఉన్న పెద్దవాళ్ళు వంగలేరు, వారి వీపు ఒకే పలకలా ఉంటుంది, బలవంతంగా వంచితే నొప్పికి బిగుసుకుపోయి ఇంకా కష్టమవుతుంది. వారిని టేబుల్ అంచున కూర్చోబెట్టి, కాళ్ళ కింద ఎత్తు పీట వేసి, ఒళ్ళో రెండు దిండ్లు పెట్టి చేతులు వాటి మీద ఆనించి, భుజాలు వదులు చేయించాలి. ఎదురుగా మా సిస్టర్ ఒకరు భుజాలు పట్టుకుని 'అవ్వా, ఊపిరి గట్టిగా తీసుకో, మెల్లగా వదులు' అంటూ మాట్లాడిస్తూ ఉంటాము. అరిగిన తుంటి ఉన్నవారికి కూర్చోవడమే నరకం కాబట్టి, కూర్చోబెట్టే ముందే కొంచెం నొప్పి మందు ఇమ్మని డాక్టరుకు గుర్తు చేస్తాము. మీరు ఇంట్లోనే మీ అమ్మ ఎంతసేపు ఆసరాతో అలా కూర్చోగలరో చూసి మత్తు డాక్టరుకు చెప్పండి, ఆయనకు పనికి వచ్చే సమాచారం అది. వీపు మీద పుండ్లు, కాలిన మచ్చలు, పసరు కట్లు ఉంటే కూడా చెప్పాలి, చర్మం మీద ఇన్‌ఫెక్షన్ ఉన్నచోట సూది వేయరు.

జవాబు: జడ్చర్ల పంతులు

నా భార్యకు కాన్పు సమయంలో ఇదే పద్ధతిలో మత్తు ఇచ్చారు. ఆసుపత్రి పేరు చెప్పను. లావు సూది డ్యూరా పొరను దాటిందని వాళ్ళే చెప్పారు. మర్నాటి నుండి లేచి కూర్చుంటే తట్టుకోలేని తలనొప్పి, పడుకుంటే తగ్గిపోయేది. నీళ్ళు, మాత్రలు, విశ్రాంతితో తగ్గకపోతే ఆమె చేతి నుండే 20 మి.లీ. రక్తం తీసి నడుములో అదే చోట ఎక్కించారు. సాయంత్రానికే తలనొప్పి పోయింది. అప్పటికి ఎవరూ ముందుగా చెప్పని విషయం కాబట్టి మేము చాలా కంగారుపడ్డాము, మీరు అలా కాకుండా ముందే అడిగి తెలుసుకోండి.

జవాబు: మత్తు వైద్యుడు, నల్లగొండ

పంతులు గారు చెప్పిన తలనొప్పి చిల్లు నుండి వెన్నునీరు కారిపోవడం వల్ల వచ్చేది. వయస్సులో ఉన్న ఆడవారిలో, అందులోనూ గర్భిణులలో ఎక్కువ, అరవై దాటినవారిలో బాగా తక్కువ. పెన్సిల్ ములికి వంటి కొస ఉన్న 27 గేజి సూదితో నూటికి ఒకరిద్దరికి మించి రాదు, ట్యూయీ సూదే పొరను దాటితే మాత్రం సగానికి పైగా రోగులకు వస్తుంది. నడుమునొప్పి గురించి కూడా చెప్పి ముగిస్తాను. సూది గుచ్చిన చోట కొద్ది రోజులు నొప్పి ఉండడం నిజమే, అది తగ్గుతుంది. కానీ సూది వల్ల జీవితాంతం నడుమునొప్పి వస్తుందన్న మాటకు ఆధారం లేదు, సూది వేయించుకున్నవారినీ వేయించుకోనివారినీ పోల్చి చూసిన పరిశీలనలలో పెద్ద తేడా కనబడలేదు. మీ అమ్మగారికి ఇప్పటికే ఎక్కడెక్కడ నొప్పి, తిమ్మిరి ఉన్నాయో ఆపరేషన్‌కు ముందే కేసు షీటులో రాయించండి, తర్వాత ఏది పాతది ఏది కొత్తది అన్న వాదన రాకుండా ఉంటుంది.

మహబూబ్‌నగర్ మిత్రులతో నేను ఒక విషయంలో విభేదిస్తాను. ఫ్లోరోసిస్ ఎముక చిక్కబడి ఉంటుంది, కీలు చుట్టూ స్నాయువులు గట్టిపడి ఉంటాయి, కాబట్టి మామూలుగా గంటన్నరలో పూర్తయ్యే తుంటి మార్పిడి మూడు గంటలు దాటవచ్చు. ఒక్క స్పైనల్ మధ్యలో తీరిపోతే పక్కకు పడుకోబెట్టి ఉన్న, మెడ తిరగని మనిషికి అప్పటికప్పుడు పూర్తి మత్తు ఇవ్వవలసి వస్తుంది. నా దృష్టిలో ఈ పరిస్థితి అన్నింటికంటే ప్రమాదకరం. గొట్టం కావాలనడానికి నాకున్న కారణం నొప్పి కాదు, ఇదే. అయితే దాన్ని ఆపరేషన్ ముగియగానే గానీ, మర్నాడు ఉదయం గానీ తీసివేయవచ్చు, అప్పుడు క్లోపిడోగ్రెల్ ఆలస్యమన్న మిత్రుల అభ్యంతరం చాలావరకు తీరిపోతుంది. లావు సూదితో రెండు మూడు ప్రయత్నాలలో దారి దొరక్కపోతే పట్టుదలకు పోకుండా ఆయన చెప్పిన సన్న సూది దారికే నేను కూడా వెళతాను.

జవాబు: మత్తు వైద్యుడు, మహబూబ్‌నగర్

సర్జన్ మూడు గంటలంటే ఒప్పుకుంటాను. ఆ మాట సర్జన్ నోటి నుండి రావాలి, మనం ఊహించుకుని గొట్టం వేయకూడదు. ఆయన రెండు గంటలలోపు అంటే నా మాట, అంతకంటే ఎక్కువ అంటే మీ మాట.

చండూరు నివాసి

మీ అందరికీ కృతజ్ఞతలు. సర్జన్ గారిని అడిగాను, కీలు గుంత చుట్టూ ఎముక బాగా పెరిగి ఉన్నందువల్ల రెండున్నర నుండి మూడు గంటలు పట్టవచ్చని చెప్పారు. అమ్మకు కాళ్ళు బిగుసుకోవడం, మూత్రం ఇబ్బంది లేవు. గుండె డాక్టరు గారు క్లోపిడోగ్రెల్ ఆపడానికి ఒప్పుకుని, ఆస్పిరిన్ మాత్రం కొనసాగించమన్నారు. మత్తు డాక్టరు గారు మీరు చెప్పినట్లే గొట్టం వేసి మర్నాడు తీసివేస్తామని, పూర్తి మత్తుకు వీడియో స్కోపు సిద్ధంగా ఉంచుతామని అన్నారు. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా పొట్టకు సూది కూడా ఇస్తారట. రాత్రి వార్డులో అమ్మ పక్కన నేనే ఉంటాను. నేను ఏమి గమనించాలి?

జవాబు: మత్తు వైద్యుడు, నల్లగొండ

పొట్టకు ఇచ్చేది ఎనోక్సాపరిన్ అయి ఉంటుంది. రోజుకు ఒకసారి 40 మి.గ్రా. మోతాదు అనుకుంటే, నడుము సూది వేసిన 12 గంటల తర్వాతనే మొదటి డోసు ఇవ్వాలి. గొట్టం తీయడం చివరి డోసుకు 12 గంటల తర్వాత, గొట్టం తీశాక తర్వాతి డోసు కనీసం 4 గంటలు ఆగి. మీ విషయంలో మర్నాడు ఉదయమే గొట్టం తీసేటట్లయితే మొదటి డోసును గొట్టం తీశాకే ఇమ్మని డాక్టరును అడగడం అన్నింటికంటే సులువు, లెక్కలు తప్పే అవకాశం ఉండదు. ఇంకొక మాట, ఎనోక్సాపరిన్ మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది, ఫ్లోరోసిస్ ప్రాంతంలో మూత్రపిండాలు దెబ్బతిన్నవారు తక్కువేమీ కాదు. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రిపోర్టు మత్తు డాక్టరు చూశారో లేదో అడగండి, అవి సరిగా పనిచేయకపోతే ఈ వ్యవధులు ఇంకా పెంచాలి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కూడా ఆ రిపోర్టు చూడకుండా ఇవ్వకూడదు.

మీరు గమనించవలసినది కాళ్ళ కదలిక. ఆపరేషన్ చేయని కుడి కాలి మోకాలు మడవమని, రెండు పాదాలనూ పైకి కిందికి ఆడించమని రెండు గంటలకొకసారి అడగండి. మత్తు దిగుతున్న కొద్దీ కదలిక పెరుగుతూ రావాలి. గొట్టం ద్వారా మందు నడుస్తుండగా కాళ్ళు కదలకపోతే సిస్టర్‌కు చెప్పి మందు ఆపించండి, ఆపిన నాలుగు గంటలలోపు కదలిక తిరిగి రాకపోయినా, ఒకసారి వచ్చిన కదలిక మళ్ళీ పోయినా, నడుములో కొత్తగా తీవ్రమైన నొప్పి మొదలైనా తెల్లవారేదాకా ఆగకండి. డ్యూటీ డాక్టరును లేపి మత్తు డాక్టరుకు ఫోన్ చేయించండి. వెన్నులో రక్తం చేరిన సందర్భాలలో వెంటనే ఎం.ఆర్.ఐ. తీసి ఎనిమిది గంటలలోపు ఆ ఒత్తిడి తొలగిస్తేనే కాళ్ళు తిరిగి వచ్చే ఆశ ఎక్కువగా ఉంటుంది. రాత్రిపూట ఎం.ఆర్.ఐ. ఆ ఆసుపత్రిలోనే ఉందా, లేకపోతే ఎక్కడికి తీసుకుపోవాలి అన్నది ఆపరేషన్‌కు ముందే తెలుసుకుని పెట్టుకోండి.

జవాబు: థియేటర్ సిస్టర్, పాలమూరు

గొట్టం కొసన చిన్న గుండ్రని ఫిల్టర్ ఉంటుంది, భుజం మీదికి తెచ్చి అంటిస్తాము. దాని మీద ఎపిడ్యూరల్ అని రాసిన చీటీ ఉందో లేదో చూసుకోండి. చేతి సెలైన్ లైనూ ఇదీ ఒకే మంచం మీద ఉంటాయి కాబట్టి, చేతి నరానికి ఇవ్వవలసిన యాంటిబయాటిక్ ఇందులోకి పోకుండా చూడటానికే ఆ చీటీ. ఎవరైనా మందు సిరంజితో ఆ భుజం వైపు వస్తే 'ఇది నడుము గొట్టం కదా సిస్టర్' అని ఒక్క మాట అనండి, మంచి సిస్టర్ ఎవరూ తప్పుగా అనుకోరు. వీపు మీద అంటించిన పారదర్శకమైన పట్టీ కింద ఎర్రబడటం గానీ, తడి గానీ, రక్తం గానీ కనబడితే చెప్పండి. అమ్మను పక్కకు తిప్పేటప్పుడు, బెడ్‌పాన్ పెట్టేటప్పుడు గొట్టం దుప్పటికి చిక్కి ఊడిపోవడం సాధారణంగా జరిగేదే. ఊడిపోతే మీరు దాన్ని ముట్టుకోకుండా, పారవేయకుండా ఉంచండి. నీలి కొస చెక్కుచెదరకుండా పూర్తిగా బయటికి వచ్చిందో లేదో మేము చూసి కేసు షీటులో రాయాలి.